మూడో తాళంచెవి

ఇంకొక్క బండి మిగిలింది. ఆ బండిలో దుప్పట్లు అడుగంటేలోపు తనతో జోడీగా మడిచే పెద్దక్క అడుగుతుంది, అడగక మానదు, "ఏదే నా పుస్తకం" అని చెయ్యి చాపుతుంది, అప్పుడేం చెప్పాలా అని ఆమె పొద్దున్నుంచీ తల బద్దలు కొట్టుకుంటోంది. ఇస్త్రీ రోలరు అవతలి నుంచి దుప్పటి పొగలు కక్కుతూ జారి వచ్చింది. ఇద్దరూ చెరో రెండు కొసలూ వేళ్ళ చివర్లతో అందుకున్నారు, టపీమని ఒకసారి దులిపారు, పొడవునా సగానికి మడిచారు, మళ్ళీ సగానికి, ఇక ఒకరికెదురుగా ఒకరు నడిచారు. ఈ నడకలోనే కదూ కొంప మునిగింది. ఏడాదిగా ఈ లాండ్రీ ఆవిరి గదిలో ఎదురెదురుగా నడవడం, మధ్యలో కలుసుకోవడం, తన చేతిలో కొసలు పెద్దక్క చేతిలో పెట్టి, వంగి, కింద వేలాడే మడత అందుకుని వెనక్కి జరగడం, కలుసుకున్నప్పుడల్లా ఒక ముక్క చెప్పడం. అలా ముక్కముక్కగా మొత్తం నవలంతా పెద్దక్కకి చెప్పేసింది. చెప్పిందే తప్ప రాయలేదు. మొదటి వాక్యం ఒక్కటి పక్కన పెడితే అక్షరం ముక్క రాయలేదు. ఈ సంగతి పెద్దక్కకి తెలియదు. వేసవిలో అడిగితే "సగమైందక్కా" అంది, వానలు మొదలయ్యాక "ముప్పాతిక" అంది, పోయిన వారం నోటికి హద్దూ పద్దూ లేకుండా "చివరి అధ్యాయంలో ఉన్నా" అనేసింది. మాటలు కోటలు దాటాయి, కాలు గడప దాటలేదు.

తలుపు పక్కన కొక్కేనికి ఆ సంచీ వేలాడుతోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది, పుండు మీదికే చెయ్యి పోయినట్టు. చిరుగు పడి పక్కన పారేసిన దుప్పటి ముక్కతో పెద్దక్క స్వయంగా కుట్టిన సంచీ అది. పుస్తకం మూలలు నలగకూడదని రెండు పొరలు వేసింది, బస్సు కిటికీలోంచి జల్లు కొట్టినా తడవకూడదని పైన మూత పెట్టి బొత్తాం కుట్టింది. పొద్దున వస్తూనే దాన్ని అక్కడ తగిలించి "ఇవాళ ఇది ఖాళీగా వెళ్ళదు" అని చేతులు దులుపుకుంది. అంతకంటే చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది. ఇవాళ ఎందుకంటే ఇవాళే ఆఖరు. గది మూల ప్లాస్టిక్ ముసుగు కప్పుకుని కొత్త మడత మిషను కూర్చుంది, ఇటు దుప్పటి నోట్లో పెడితే అటు మడతపడి వస్తుందట, ఒక్క మనిషి చాలట. సూపర్‌వైజరు వారం నుంచీ దాన్ని కొత్తల్లుడిని చూపించినట్టు వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. రేపట్నుంచి ఆమె ఆ మిషను దగ్గర, చెవుల్లో దూది పెట్టుకుని. పెద్దక్క ఊరి అవతల రెండో షెడ్డులో, మాసిన బట్టలు వేరుచేసే చోట, తెల్లవారుజాము డ్యూటీ. ఈమె బస్సెక్కే వేళకి ఆవిడ బస్సు దిగుతుంది. ఫోనుంది కదా అని ఎవరైనా అనొచ్చు. పెద్దక్కకి ఫోను చేసినవాళ్ళకి తెలుస్తుంది, ఆవిడ "ఆఁ, ఆఁ, సరే, ఉంటా" అని ఊరంతా వినబడేలా అరిచి పెట్టేస్తుంది. ఫోనులో కథలు వినే మనిషి కాదు. పెద్దక్కకి కథ వినాలంటే చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి.

"రైటరమ్మా, చెయ్యి ఆడించాలి తల్లీ, పెన్ను తర్వాత ఆడిద్దువు గానీ" అంటూ సూపర్‌వైజరు అటుగా పోయాడు. ఆ పేరు పెట్టింది ఆయనే. పెద్దక్క ఎవరికి చెప్పకపోయినా ఆయనకి చెప్పి ఉంటుంది, మా పిల్ల పుస్తకం రాస్తోంది అని, మురిసిపోతూ. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్ళు పులకరించేది, ఇప్పుడు ఎవరో వెనక నుంచి రాయి విసిరినట్టుంటుంది. దుప్పటి వచ్చింది. అందుకున్నారు, దులిపారు. పెద్దక్క ఏమీ అడగలేదు. పొద్దున్నుంచీ ఏమీ అడగలేదు, అదే భయంగా ఉంది, అడిగేస్తే ఏదో ఒకటి చెప్పి ఏడ్చేసేది కదా.

తప్పంతా ఆ గడ్డం మాష్టారిది అనుకుందామా అంటే, పాపం, ఆయన మంచి మాటే చెప్పాడు. లైబ్రరీ మేడ మీద హాల్లో, కొత్తగా రాయాలనుకునేవాళ్ళకి ఉచితంగా పాఠం అంటే ఒక ఆదివారం వెళ్ళింది. రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంటే ఇంకోటి చూస్తూ ఊరుకుంది. పక్క కుర్చీలో బట్టతలాయన తన నవలకి ముందుమాట అప్పుడే రాసేసుకున్నానన్నాడు, నవల ఇంకా మొదలెట్టలేదట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదేనని ఆమె లోపల్లోపల పడీ పడీ నవ్వుకుంది. తిరుగు బస్సులో మాత్రం టికెట్టు వెనక తన పుస్తకం ఎవరికి అంకితమివ్వాలో రాసుకుంది. మాష్టారు బోర్డు మీద లక్ష్యం అని పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాడు. చిన్న లక్ష్యం పెట్టుకోండి, రోజుకి ఒక పేజీ చాలు, ఏడాది తిరిగేసరికి చేతిలో పుస్తకం ఉంటుంది. గడువు పెట్టుకోండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, మీ లక్ష్యాన్ని ఒక మనిషికి చెప్పండి, రోజూ మిమ్మల్ని నిలదీసి అడిగేవాళ్ళకి చెప్పండి, సిగ్గుతోనైనా రాస్తారు. ఎవరికి చెప్పాలి మరి? మొగుడికి చెబితే "మంచిదే" అని అటు తిరిగి పడుకుంటాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజంతా పైకీ కిందకీ తిరిగి ఇంటికొచ్చేసరికి మాటలన్నీ ఏ అంతస్తులోనో దిగిపోయి ఉంటాయి. కూతురికి చెబితే "అందులో నేనుంటానా?" అంటుంది, ఉంటావంటే ఒక గొడవ, లేదంటే ఇంకో గొడవ. అందుకని మర్నాడు మొదటి దుప్పటి మడుస్తూ పెద్దక్కకి చెప్పింది. అక్కా, నేనో నవల రాస్తున్నా, ఏడాదిలో అయిపోవాలి, నువ్వు రోజూ అడగాలి. పెద్దక్క కొసలు అందుకుంటూ "దేని గురించే?" అంది.

అదిగో, అక్కడ నోరు మూసుకోవాల్సింది. లక్ష్యం చెప్పమన్నాడు గానీ కథ చెప్పమన్నాడా ఆ మహానుభావుడు? ఈమెకి ఆ రెంటికీ తేడా తెలియలేదు. వాళ్ళమ్మ చిన్నప్పుడే అనేది, దీని నోట్లో నువ్వుగింజ నానదు అని. పక్కింట్లో ఎవరికి నెల తప్పినా వీధి చివరిదాకా తెలిసేది ఈమె వల్లే. ఆ నోటితోనే చెప్పేసింది. పైగా చెబుతుంటే కథ ఎంత బాగా వచ్చిందని! అప్పటిదాకా లోపల మంచుపట్టిన అద్దంలా ఉన్నది పెద్దక్క ముఖం చూసేసరికి తేటపడిపోయింది, తనకే తెలియని సంగతులు తన నోట్లోంచి వచ్చాయి, ఆ పిల్ల చేతిమీద కాలిన మచ్చ, మెట్ల మీద పిల్లి, అన్నీ. "ఆఁ, తరవాత?" అంటుంది పెద్దక్క, నడుచుకుంటూ వస్తూ. ఆ "తరవాత" కోసం ప్రాణం పెట్టొచ్చు.

కథ తాళాలు బాగుచేసే పిల్లది. ఈమె నాన్న బతికున్నన్నాళ్ళూ చేసిన పని అదే, బస్టాండు మూల డబ్బా కొట్టు, వెనక చెక్కకి వరసలు వరసలుగా తాళంచెవులు, బస్సు పక్కనుంచి పోతే అన్నీ ఒక్కసారి గలగలమనేవి. నాన్న ఆకురాయితో తాళంచెవి పళ్ళు రాస్తూ మధ్యలో ఆపి దాన్ని వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు, ఇనుము పొడి రాలి ఒళ్ళో పడేది, బడి నుంచి వచ్చి ఆ పొడిలో వేలితో అక్షరాలు రాసేది ఈమె. అవీ ఇవీ రాస్తుంటే "నువ్వు పెద్దయ్యాక ఏదో రాస్తావే" అన్నాడు ఒకసారి, మళ్ళీ ఎప్పుడూ అనలేదు, ఆ ఒక్క మాట పట్టుకుని నలభై దాటేదాకా వచ్చింది. కొత్త తాళం ఎవరికి బిగించినా నాన్న మూడు తాళంచెవులు ఇచ్చేవాడు, ఎవరు రెండు చాలన్నా వినేవాడు కాదు. ఒకటి ఒంటిమీద ఉంచుకోడానికి, ఒకటి ఇంట్లోవాళ్ళకి, ఒకటి ఎక్కడో పెట్టి మరిచిపోడానికి. మూడోదే ఏదో ఒకరోజు మనిషిని కాపాడుతుంది అనేవాడు. ఇదంతా కూడా పెద్దక్కకి చెప్పింది, చెప్పకుండా ఏం మిగిల్చింది గనక, వానలో దుప్పట్లు ఆరక రోలరు ఆపేసిన రోజొకటి ఉంటే ఆ రోజు చెప్పింది.

నవల్లో పిల్లకి తండ్రి పని నేర్పి పోయాడు. తల్లి దాని చిన్నప్పుడే చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఇంటి బయట ఇరుక్కుపోయినవాళ్ళు ఫోను చేస్తే ఈ పిల్ల పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళి తలుపులు తీస్తుంది. ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ ఫోను, తలుపు గాలికి పడి లోపల తాళం పడిపోయిందట, చెత్త పారేసి వచ్చేలోపు. వెళ్తుంది. మెట్ల మీద నిలబడ్డ మనిషి నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, ఆ అడ్డం పెట్టుకోవడం చూసి పిల్ల పోల్చుకుంటుంది, చిన్నప్పుడు చూసిందే. తల్లి. తల్లి మాత్రం పోల్చుకోలేదు. పాత తాళం విరగ్గొట్టక తప్పలేదు, తలుపు తీస్తుంది, కొత్తది బిగిస్తానంటుంది. "లోపలికి రామ్మా, ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగు" అంటుంది తల్లి. ఇక చెప్పాలా వద్దా? అమ్మా, నేనే అనాలా, తాళం బిగించి వెళ్ళిపోవాలా? ఇదీ నవల. ఆ గడప దగ్గర ఆ పిల్ల చేతిలో తాళంతో నిలబడి నెలలైంది. ఈమెకి చివర తెలియదు. చెబితే ఏడుపులూ కావిలింతలూ, చవకబారుగా ఉంటుంది. చెప్పకపోతే ఇంత కథా ఎందుకు మరి? పెద్దక్క రోజూ "చెప్పిందా లేదా?" అని అడిగేది, "చూద్దాం అక్కా" అనేది ఈమె, అంతా రాసిపెట్టి దాస్తున్నట్టు మొహం పెట్టి.

దుప్పటి కొస జారబోయింది, పట్టుకుంది. "మనసెక్కడుందే?" అంది పెద్దక్క. నేల తాకితే మళ్ళీ ఉతుక్కే, తాకింది పిసరంతైనా సరే, అది ఇక్కడి రూలు, అలా పడేసినవాళ్ళ వంక అటువైపు ఉతికేవాళ్ళు రోజంతా గుర్రుగా చూస్తారు. బండిలో సగం దిగింది. సగం. ఇంకా సగం ఉంది అనుకోవాలా, సగమే ఉంది అనుకోవాలా? రాయడంలో కూడా ఇంతే, తెల్లవారకముందే అలారం మోగితే అబ్బ, రోజంతా ఉంది అనిపించేది, కూర్చుని తలెత్తి చూస్తే పాలవాడు. ఫ్రిజ్ మీద కాగితం అంటించింది, రోజుకి ఒక పేజీ అని, ఎర్ర ఇంకుతో. కొన్నాళ్ళకి పేజీ కొట్టేసి అర పేజీ అని రాసింది. తరవాత ఒక వాక్యం. తరవాత సిగ్గు విడిచి, ఊరికే కూర్చోవాలి, అని రాసింది. ఆ కింద మొగుడు పాలు అని రాశాడు, కూతురు షాంపూ అని రాసింది, చూస్తుండగానే అది బజారు చీటీ అయిపోయింది. ఒకరోజు మొగుడు ఆ కాగితం జేబులో వేసుకుని వెళ్ళి సరుకులన్నీ తెచ్చి "ఇందులో ఊరికే కూర్చోవాలి అనుంది, అది మాత్రం దొరకలేదు" అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అర్థం కాక అన్నాడు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

కూర్చోలేదని కాదు. కూర్చునేది. వంటింటి బల్ల తుడిచి, కాగితాలు పెట్టుకుని, కుళాయి చుక్కలు పడకుండా కింద గుడ్డ పెట్టి, అంతా సిద్ధం చేసుకుని కూర్చునేది. నిన్న పెద్దక్కకి చెప్పిన ఘట్టం కళ్ళ ముందే ఉంటుంది. రాయబోతే రాదు. ఎందుకు రాదంటే ఏం చెప్పాలి, నమిలి ఊసేసిన పిప్పిలా ఉంటుంది, రసమంతా అక్కడ ఆ ఆవిరిలో పోయింది. పిల్ల తల్లిని గుర్తుపట్టిన చోట పెద్దక్క నడవడం మరిచిపోయి మధ్యలో ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, రెండు చేతుల్లో దుప్పటి ఉండి తుడుచుకోలేక భుజానికి రాసుకుంది. అది చూశాక కాగితం మీద ఇంకేం కావాలి? కాగితం "తరవాత?" అంటుందా, కళ్ళు తుడుచుకుంటుందా, తెల్లగా మొహం పెట్టుకుని చూస్తుందంతే. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు, ఈమె కథ పెదవి దాటి ఎదురుగా ఉన్న దుప్పటి దాటి అక్కడితో ఆగిపోయింది. సరే, చెప్పడం మానేద్దాం అని ఒట్టు పెట్టుకుంది కూడా. గొంతు బాగాలేదని అబద్ధమాడి నోరు కుట్టేసుకుంది. ఆ రోజులన్నీ ఏమైందంటే కథ చీకటైపోయింది, పిల్ల కనబడదు, మెట్లు కనబడవు, పిల్లి కూడా ఎటో పోయింది. చెప్పకపోతే కనబడదు, చెబితే మిగలదు, ముందు నుయ్యి వెనక గొయ్యి. పైగా పెద్దక్క గొంతుకి బిళ్ళలు తెచ్చింది, చప్పరించమని దగ్గరుండి చప్పరింపజేసింది. పాపిష్టిదాన్ని, పాపిష్టిదాన్ని అనుకుంటూ చప్పరించింది. మూడో రోజు సాయంత్రానికి గొంతు బాగైపోయిందని చెప్పి పిల్ల తలుపు తీసే ఘట్టం మొత్తం చెప్పేసింది, ఎంత హాయిగా ఉండిందో.

ఇప్పుడు ఏం చెప్పాలి? ఫోనులో రాశానక్కా, ఫోను పోయింది. ఈ ఫోను రోజూ పెద్దక్క కళ్ళ ముందే ఉంది. ప్రెస్సుకి ఇచ్చాను, వచ్చే నెల వస్తుంది. వచ్చే నెల ఏం చెప్పాలి? నచ్చక చింపేశాను. పెద్దక్క తిడుతుంది, తిట్టి, పోనీలే మళ్ళీ రాయి అంటుంది, ఆ "పోనీలే" వినలేదు. నిజం చెబితేనో? అక్కా, నేను ఒక్క పేజీ రాయలేదు, నువ్వు అడిగినప్పుడల్లా అబద్ధమే చెప్పాను. ఇది నోటిదాకా వచ్చింది, నువ్వుగింజ నానని నోరు కదా, మిగతావన్నీ జారతాయి, ఇది మాత్రం జారదు, పంటికింద రాయిలా అక్కడే ఉండిపోయింది. పెద్దక్క వెళ్ళిపోతే కథ ఎవరి దగ్గరా ఉండదు. తన దగ్గర మొదటి వాక్యం ఉంది, తలుపు బయట నిలబడ్డవాళ్ళకి సొంతిల్లే పరాయిదిగా కనిపిస్తుంది, అని, అంతే. మిగతాది పెద్దక్క బుర్రలో ఉంది. పిల్ల మచ్చ ఎడమ చేతికా కుడి చేతికా అంటే ఈమెకి సందేహం, పెద్దక్కకి సందేహం లేదు. ఊరి అవతల ఆ షెడ్డులో, మాసిన బట్టల మధ్య, కొన్నాళ్ళు ఉంటుంది, తరవాత ఆవిడ కూడా మరిచిపోతుంది. ఇక ఆ పిల్ల పుట్టనట్టే. నాన్న అన్న మాట కూడా అననట్టే. ఇది ఆలోచించేసరికి ఎవరినైనా పట్టుకుని బతిమాలాలనిపించింది, ఎవరిని బతిమాలాలి, దేనికని?

బండి అడుగు గుడ్డ కనిపించింది. నాలుగో అయిదో ఉంటాయి. దుప్పటి వచ్చింది, అందుకున్నారు. కాలుతోంది, చివరి దుప్పట్లు ఎప్పుడూ ఎక్కువ కాలుతాయి. పెద్దక్క గొంతు సవరించుకుంది. వచ్చేసింది, అడిగేస్తోంది అనుకుని ఈమె కళ్ళు మూసుకుంది.

"నీకోటి చెప్పాలే" అంది పెద్దక్క. "ఇంట్లో మా కోడలికి నీ కథ చెప్తున్నా. నువ్విక్కడ చెప్పింది చెప్పినట్టు, రోజూ, అది అంట్లు తోముతుంటే నేను కడుగుతూ."

ఈమె కళ్ళు తెరిచింది.

"అది ఊరుకునే రకమా? చెప్పిందా లేదా, చెప్పిందా లేదా అని నిన్న నా ప్రాణం తీసేసింది. పుస్తకం వస్తుంది కదే, చదువుకుందువు గానీ అంటే వినదు. ఇక చూసి చూసి నేనే చెప్పేశా, చివర."

చెప్పొద్దక్కా. ఇది ఈమె మనసులో అనుకున్న మాట. చెప్పొద్దు, నువ్వు చెప్పేస్తే అది కూడా అయిపోతుంది, ఒక్క చివరైనా నాకు మిగలనీ, తెలియని చివర ఉందనేగా ఇన్నాళ్ళూ తెల్లారకముందే లేచి కూర్చున్నాను, అది కూడా చెప్పేస్తే ఇంక ఎందుకు లేవాలి? చెవులు మూసుకుందామంటే రెండు చేతుల్లో రెండు కొసలు. వదిలితే దుప్పటి నేల మీద, మళ్ళీ ఉతుక్కి. వదల్లేదు. ఇంత ముంచుకొచ్చినా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, దులిపాయి, మడిచాయి, మళ్ళీ మడిచాయి, కాళ్ళు నడిచాయి. పెద్దక్క ఎదురొస్తోంది.

"ఏమీ చెప్పలేదే ఆ పిల్ల" అంది, కొసలు అందుకుంటూ. ఈమె వంగి మడత పట్టుకుని వెనక్కి జరిగింది. మళ్ళీ నడిచారు.

"మంచినీళ్ళు తాగింది, తాళం బిగించింది, తాళంచెవులు తల్లి చేతిలో పెట్టింది. రెండే పెట్టింది."

మడత బల్ల మీద పడింది. ఇంకో దుప్పటి వచ్చింది. ఎవరు అందుకున్నారో ఎవరు దులిపారో ఈమెకి తెలియదు.

"మూడోది జేబులో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది."

"తల్లి చూసుకోలేదా అక్కా?" అని అడిగింది ఎవరో. అడిగింది తనే. ఏడాదిగా పెద్దక్క అడిగిన గొంతుతో, అదే ఆత్రంతో, తరవాత, తరవాత అని, తన కథ తను అడిగింది.

"చూసుకోకేం? కొత్త తాళానికి మూడు ఉంటాయని ఊళ్ళో ఎవరికి తెలియకపోయినా ఆవిడకి తెలియదూ? ఆ తాళాల కొట్టాయనతో కాపురం చేసిన మనిషి కాదూ? చేతిలో చూసుకుంది. రెండే ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఆ పిల్ల ఎవరో. తెలిసీ ఏమీ అనలేదు." పెద్దక్క కొసలు కలిపింది. "మా కోడలు గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయిందనుకో."

బాగుంది. అయ్యో, ఎంత బాగుంది! ఎక్కడినుంచో తెచ్చింది కాదు, అన్నీ తనవే, తన నాన్న, తన నాన్న మూడోది, వానరోజు తను చెప్పిందే, కళ్ళ ముందే వేలాడుతుంటే తనకి కనబడలేదు, పెద్దక్కకి కనబడింది. ఇంతకంటే వేరే చివర లేదు, ఉండదు. ఇంటికి పరిగెత్తి రాసెయ్యాలి, ఇవాళే, బల్ల కూడా తుడవకుండా, అనుకుంది, అనుకుంటుండగానే అది జారిపోవడం కూడా తెలుస్తోంది, గుప్పిట్లో నీళ్ళలాగా. పెద్దక్క చెప్పేసింది, తను వినేసింది, ఎక్కడో ఒక వంటింట్లో ఒక కోడలు గిన్నె పట్టుకుని కూర్చుండిపోయింది, కథ జరగవలసిందంతా జరిగిపోయింది, రేపు తెల్లారకముందే లేచి కూర్చుంటే కాగితం మళ్ళీ అదే మొహం పెడుతుంది. తెలుసు. ఏం చెయ్యాలో తెలియదు గానీ ఇది మాత్రం బాగా తెలుసు. ఏడుద్దామంటే చేతులు ఖాళీ లేవు, భుజానికి రాసుకుంది.

చివరి దుప్పటి బల్ల మీదికెక్కింది. సూపర్‌వైజరు రోలరు ఆపేశాడు. ఆయన మిషను దగ్గరికి పోయి ప్లాస్టిక్ ముసుగు ఒక కొస ఎత్తి లోపలికి తొంగిచూస్తున్నాడు. పెద్దక్క చేతులు తుడుచుకుని తలుపు వైపు నడిచింది. ఈమె వెనకే వెళ్ళింది, ఫోను పోయింది, ప్రెస్సుకి ఇచ్చాను, చింపేశాను, అబద్ధాలన్నీ నాలుక మీద వరసగా పెట్టుకుని. ఇప్పుడు అడుగుతుంది.

పెద్దక్క అడగలేదు. కొక్కెం మీంచి సంచీ తీసి, బొత్తాం పెట్టి, ఒకసారి దులిపి, అలవాటు కొద్దీ ఒక అంచు ఈమె వైపు చాపింది. అంత చిన్న గుడ్డకి ఇద్దరు అక్కర్లేదు. అయినా ఈమె పట్టుకుంది. సగానికి మడిచారు, మళ్ళీ సగానికి, ఒక అడుగు ముందుకేస్తే చాలు, కలుసుకున్నారు. తన చేతిలో అంచు పెద్దక్క చేతిలో పెట్టింది.

"రాస్తానక్కా" అంది.

పెద్దక్క ఆమె ముఖం వంక చూసింది. తరవాత ఆ ఖాళీ సంచీ మడత తన చేతి బ్యాగులో అడుక్కి తోసి, జిప్పు లాగి, "బస్సు పోతుంది, పద" అంది.